చావని గొర్రెలు, వేకువ పాలు

చోళుల కాలపు గుడి శాసనాలు చదివేవాళ్లకు ఒక చిత్రమైన గొర్రెల మంద పదే పదే ఎదురవుతుంది. దాత ఎవరో దేవుడి ముందు అఖండ దీపం వెలగాలని 90 గొర్రెలో 96 గొర్రెలో ఇస్తాడు. శాసనం రాసినవాడు వాటికి ‘చావనివి, ముసలివి కానివి’ అనే అర్థం వచ్చే తమిళ విశేషణం తగిలిస్తాడు. గొర్రెలకు అమృతం పట్టారని కాదు. మందను అందుకున్న కాపరి చచ్చినవాటి స్థానంలో పిల్లలను పెంచుకుంటూ, లెక్క తగ్గనీయకుండా, రోజుకో ఉళక్కు నెయ్యి గుడికి కొలిచి పోయాలని ఒప్పందం. ఉళక్కు అంటే చాలా చిన్న కొలత. కానీ అది ప్రతిరోజూ అందాలి, దాత పోయాక కూడా అందాలి, కాపరి పోతే అతని కొడుకు చేతి మీదుగా అందాలి. తొండైమండలంలో భాగంగా చోళుల ఏలుబడి చూసిన శ్రీకాళహస్తి గుడి గోడల మీద కూడా ఆ రాజుల శాసనాలున్నాయి. గాలి చొరని గర్భాలయంలో వాయులింగం ఊపిరికి రెపరెపలాడుతుందని చెప్పుకునే దీపాన్ని చూడటానికి ఈనాటికీ జనం బారులు తీరతారు. అలాంటి దీపం ఏ గుడిలో వెలిగినా, దాని లెక్క మాత్రం ఊరి బయట మంద దగ్గర, పాలు పిండే వేళకు మొదలయ్యేది.

పొద్దున్నే లేచి రోజును ఒక పద్ధతిలో మొదలుపెడితే కలిగే లాభాల గురించి మాట్లాడేవాళ్లు ఈ మందను తలచుకోరు. 2012లో వచ్చిన ‘ది మిరాకిల్ మార్నింగ్’, 2018లో వచ్చిన ‘ది ఫైవ్ ఏఎం క్లబ్’ లాంటి పుస్తకాలు ఒంటరి మనిషితో మాట్లాడతాయి: నువ్వు లే, నువ్వు ధ్యానం చెయ్యి, నువ్వు గెలువు. మన దగ్గర ఆ మాటకు పాత పేరే ఉంది. వాగ్భటుడి అష్టాంగహృదయంలో సూత్రస్థానం రెండో అధ్యాయం పేరు ‘దినచర్య’. బ్రాహ్మీ ముహూర్తంలో లేవడం, చేదూ వగరూ ఉన్న పుల్లతో పళ్లు తోముకోవడం, ఒంటికి నూనె పట్టించుకోవడం, సగం బలం మిగిలేలా వ్యాయామం చేయడం, స్నానం, అన్నీ అందులో వరసగా వస్తాయి. అదీ ఒక ఒంటికి చెప్పిన వైద్యమే. శ్రీకాళహస్తి గతం తిరగేస్తే మరో సంగతి తేటపడుతుంది. తెల్లవారుజాము పద్ధతి అక్కడ ఒకరి సంకల్పబలంగా కాక పదిమంది మధ్య ఒప్పందంగా బతికింది. దాని లాభం కూడా ఆ ఒప్పందంలోంచే పుట్టింది. నీళ్లు, పాలు, ఎండ, గంట – వీటిలో ఏదీ మన ఇష్టానికి ఆగదు కాబట్టి, వాటి వేళకు మనిషి తన వేళను కట్టేసుకున్నాడు. కట్టేసుకున్నాక, ఈరోజు లేవాలా వద్దా అన్న తర్కం మిగల్లేదు.

ఈ ఊరి పేరే ఈ విషయం మీద పుట్టిందంటే అతిశయోక్తి కాదు. శ్రీ అంటే సాలీడు, కాళము పాము, హస్తి ఏనుగు. మూడూ శివుడికి నిత్యం సేవ చేసినవే. సాలీడు లింగం మీద గూడు అల్లేది. పాము మణులు తెచ్చి అలంకరించేది. ఏనుగు తొండంతో నీళ్లు తెచ్చి ఆ మణులను కడిగేసి, మారేడు పత్రితో పూజ చేసి వెళ్లేది. మర్నాడు పాము వచ్చి చూస్తే తన మణులు కింద పడి ఉండేవి, ఆకులు పైన ఉండేవి. ఇద్దరు భక్తుల మధ్య గొడవగానే ఈ కథను మనకు చెబుతారు. కాస్త నిలిచి చూస్తే ఇది రెండు దినచర్యల మధ్య గొడవ. ఒకరి నిత్యపూజ మరొకరికి మకిలి. ఎవరూ ఎవరికీ కనబడరు. మిగిలిపోయిన ఆనవాలు మాత్రం కనబడుతుంది. చివరికి పాము ఏనుగు తొండంలో దూరి, రెండూ ప్రాణాలు విడుస్తాయి. ఎవరి పద్ధతి సరైనదో తేల్చడానికి శివుడు పంచాయితీ పెట్టడు. ఇద్దరికీ మోక్షమిచ్చి, ఇద్దరి పేర్లూ ఊరికి పెట్టిస్తాడు. నిష్ఠగా చేసే పని పక్కవాడి నిష్ఠను ఎలా తుడిచేస్తుందో ఇంత సూటిగా చెప్పిన స్థలపురాణాలు అరుదు.

బోయవాడు తిన్నడి కథలో ఈ చిక్కు ఇంకా పదునెక్కుతుంది. పన్నెండో శతాబ్దపు శేక్కిళార్ పెరియపురాణంలో కథ ఆరు రోజుల పాటు నడుస్తుంది. వేటకొచ్చి కొండెక్కిన తిన్నడికి దేవుడి మీద నీళ్లు, పూలు కనిపిస్తాయి. ఎవరు చేశారని అడిగితే, ఒక బ్రాహ్మణుడు నీళ్లు పోసి, పూలు పెట్టి, ఏవో మాటలు చెప్పి వెళ్లడం ఒకప్పుడు చూశానని తోటి వేటగాడు నాణుడు చెబుతాడు. ఆ ఒక్క మాటే తిన్నడికి గురూపదేశం. పుక్కిట నీళ్లు, జుట్టులో తురుముకున్న పూలు, రుచి చూసి ఏరిన మాంసం – తన బతుకులో ఉన్న వస్తువులతో అతను అదే వరసను తిరిగి కట్టుకున్నాడు. రాత్రంతా విల్లు పట్టుకుని కావలి ఉండి, తెల్లారగానే దేవుడి తిండి కోసం వేటకు పోతాడు. అతను అటు పోగానే ఇటు అర్చకుడు శివగోచరుడు వస్తాడు. ఎముకలు చూసి గుండె బాదుకుని, ఊడ్చి కడిగి, స్వర్ణముఖిలో మళ్లీ మునిగి వచ్చి ఆగమవిధిగా పూజ చేస్తాడు. మర్నాడూ ఇంతే. తిన్నడు దేవుడి కోసం తన కళ్లు పెకలించిన ఘట్టం దగ్గర మనం చెమ్మగిల్లిన కళ్లతో ఆగిపోతాం కానీ, దానికి ముందున్న ఈ రోజులే చరిత్రకారుడికి విలువైనవి. వేటగాడు, అర్చకుడు ఒకే గుడిలో రెండు పూటలు పంచుకున్నారు. ఎవరికి వారు అవతలివాడు చెరిపినదాన్ని మళ్లీ మొదటి నుంచి చేసుకున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం బలంగానే వస్తుంది. ఈ కథలన్నీ పద్ధతిని ఎగతాళి చేయడానికి పుట్టినవి కదా, శివుడు మెచ్చింది తిన్నడి ప్రేమను కదా, రోజువారీ తంతును కాదు కదా అంటారు. ఈ స్థలపురాణాన్ని కావ్యంగా మలచిన ధూర్జటే శతకంలో సాలీడు, పాము, ఏనుగు, బోయవాడు ఏ చదువూ లేకుండానే తరించారని వాదిస్తాడు. రాజసేవను ఛీకొట్టిన ఆ కవికి మొక్కుబడి పనుల మీద మోజు ఉండే అవకాశమే లేదు. నిజమే, పద్ధతి ప్రేమకు బదులు కాదు. కానీ ధూర్జటి కాదన్నది చదువును, నిత్యత్వాన్ని కాదు. సాలీడు ఒక్కరోజు గూడు కట్టి ఊరుకుంటే ఆ కథే లేదు. తిన్నడు మొదటి రోజు మాంసం పెట్టి ఇంటికి పోయి ఉంటే, మర్నాడు శివగోచరుడు ఊడ్చి మరిచిపోయేవాడు. ఆరో రోజు దాకా వచ్చాడు కాబట్టే ప్రేమ అని తేలింది. ప్రేమ ఉందో లేదో తేల్చడానికి మనుషుల దగ్గర మళ్లీ మళ్లీ రావడం తప్ప వేరే కొలత ఏముంది?

పురాణం నుంచి వృత్తిలోకి వస్తే ఈ మాట ఇంకా గట్టిపడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ అచ్చులతో అద్దేది కాదు, చేత్తో గీసేది. వెదురు పుల్లకు ఉన్నిచుట్ట కట్టి, రంగులో ముంచి, వేళ్లతో చుట్టను నొక్కుతూ గీత లాగుతారు. రామాయణ భారత కథలను గడులు గడులుగా, కింద తెలుగు రాతలతో నింపిన గుడి తెరలు ఈ పద్ధతిలో పుట్టినవే. చూసేవాళ్ల కన్ను బొమ్మ మీద ఉంటుంది. కష్టమంతా బొమ్మకు ముందూ వెనకా ఉంటుంది. మొదట బట్టను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరబెట్టి తెల్లగా చేయాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఆరేయాలి. కరక్కాయలోని వగరు నల్లరంగును పట్టుకుంటుంది. పాలలోని వెన్న రంగు చెదిరి పాకకుండా ఆపుతుంది. అందుకే ఆ పాలు చిక్కగా ఉండాలి, నీళ్లు కలవకూడదు. రాయలసీమ ఎండలకు పచ్చిపాలు పూట నిలవవు. పాలలో ముంచిన బట్ట ఎండ ఉండగానే ఆరాలి. ఈ రెండూ కలిస్తే పని ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరూ చెప్పనక్కరలేదు. గేదెను పిండిన వేళే కలంకారీ ఇంటి వేళ. తొమ్మిదింటికి లేచినవాడు సోమరి అని తిట్టడానికి అక్కడ ఎవరికీ తీరిక లేదు. పాలు విరిగితే ఆ బట్టే వాడిని తిడుతుంది.

నల్లరంగు సంగతి మరోలా ఉంటుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో పోసి రెండు మూడు వారాలు పులియబెడితే కసిమి తయారవుతుంది. కరక్కాయ పట్టిన బట్ట మీద అది తగిలిన చోటల్లా నల్లగా తేలుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి కనీసం ఒక రోజు ఆగాలి. ఆ తర్వాత ఏటికి తీసుకెళ్లి పారే నీళ్లలో జాడించాలి. నిలవనీళ్లలో వేస్తే వదిలిన పటిక పక్కకు పాకి, అక్కర్లేని చోటా ఎరుపు పట్టేస్తుంది. అప్పుడు చిరువేరు వేసి కాచిన నీళ్లలో ఉడకబెడితే పటిక ఉన్న చోట ఎరుపు నిలుస్తుంది. మిగతా చోట అంటుకున్న రంగు పోవడానికి మళ్లీ పేడనీళ్లు, మళ్లీ ఇసుకమీద పరచడం, ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తూ ఎండబెట్టడం, ఇదంతా రోజుల తరబడి సాగుతుంది. పసుపుకూ నీలానికీ వేరే వరసలు. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి వచ్చే స్వర్ణముఖి జీవనది కాదు. ఈశాన్య రుతుపవనాలు కరుణిస్తే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నిండుగా పారుతుంది, వేసవిలో ఇసుక తేలుతుంది. అప్పుడు చెలమలే దిక్కు. కాబట్టి కలంకారీ పనివాడి దినచర్య పంచాంగంతోనూ ఏటితోనూ కలిసి మారేది. ఏడాది పొడవునా ఒకే గంటకు లేవడం అతనికి వ్రతం కాదు. నీళ్లూ ఎండా కలిసే సందును వదులుకోకపోవడమే అతని వ్రతం.

ఈ పనివరస ఎంత కట్టుదిట్టమైనదో బయటివాళ్లు తొందరగానే గుర్తించారు. 1639లో చెన్నపట్నం నేలను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చిన దామర్ల వేంకటప్ప కాళహస్తి ఏలిన దామర్లవారి వంశం వాడే. ఆ తీరానికి వాళ్లను లాగినవాటిలో బట్టలు ముఖ్యం. మన రంగుబట్టల దెబ్బకు తమ నేతగాళ్లు కూలిపోతారని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించి, 1759 దాకా ఆ నిషేధాన్ని లాగింది. ఆ మధ్యలోనే, 1742లో, కర్ణాటక మిషన్‌లో ఉన్న ఫ్రెంచి జెసూట్ పాద్రి కూర్దూ ఈ తీరపు అద్దకం పని మొత్తాన్ని మెట్టు మెట్టుగా రాసి స్వదేశానికి పంపాడు. గేదెపాలు, కరక్కాయ, పటిక, వేరు అన్నీ ఆ ఉత్తరంలో ఉన్నాయి. సంస్కృతానికీ గ్రీకు లాటిన్‌లకూ చుట్టరికం ఉందని తొలినాళ్లలో గుర్తించినవాళ్లలో ఇతనూ ఒకడు కాబట్టి, వరసలు పట్టుకోవడం ఇతనికి అలవాటే అనుకోవాలి. తర్వాత ఐరోపా ఆ రంగులను తన దారిలో తాను సాధించుకుంది. 1869కల్లా చిరువేరు ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను ఫ్యాక్టరీలో చేసేసింది. ఫ్యాక్టరీ రంగును చేసినట్టే పొద్దును కూడా కొత్తగా చేసింది. పనిని బట్టి వేళ నడిచే కాలం పోయి, గడియారాన్ని బట్టి పని నడిచే కాలం ఎలా వచ్చిందో చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967 నాటి ప్రసిద్ధ వ్యాసంలో చూపించాడు. ఇవాళ అలారం పెట్టుకుని ఐదింటికి లేచి దాన్ని సాధన అనుకునేవాడు ఈ రెండో కాలానికి చెందినవాడు. పాలు విరుగుతాయని లేచినవాడు మొదటి కాలానికి చెందినవాడు. ఇద్దరూ చీకటితోనే లేచినా, ఒకడికి లేవడమే ఘనకార్యం. మరొకడికి లేచింది తర్వాతి పని కోసం.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది: ఎవరి పొద్దు ఎవరి వీపు మీద నిలబడింది? అర్చకుడు తడిబట్టతో గుడికి వచ్చేసరికే పూలు కోసినవాళ్లు, ఊడ్చినవాళ్లు, పాలు పిండినవాళ్లు లేచి గంటలైపోయి ఉండాలి. ఇంట్లోనూ అంతే. కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, పొయ్యి రాజేసిన ఆడమనిషి నిద్రను లెక్కలో వేయకుండా మగవాడి బ్రాహ్మీ ముహూర్తాన్ని పొగడటం అన్యాయం. ఎండ ముదరకముందే కపిల తోలడం ముగించాలని కోడి కూయకముందే ఎద్దులతో బావి దగ్గరికి పోయిన రైతుకు అది ఆరోగ్యసూత్రం అని ఎవరూ చెప్పలేదు. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చే దారి లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ దీన్ని ఒప్పుకుంటే నా వాదన బలహీనపడదు. వేకువ పద్ధతి పదిమంది ఒప్పందమైతే, ఆ ఒప్పందంలో ఎవరికి ఎంత కొలిచారో అడగడానికి వీలుంటుంది. గొర్రెల శాసనంలో కాపరికి మంద దక్కుతుంది, గుడికి నెయ్యి దక్కుతుంది. లెక్క రాతిలో ఉంది. ఇంట్లో ముగ్గు పెట్టినామెకు అలాంటి రాయి దొరకలేదు. వ్యక్తిగత క్రమశిక్షణ అని పేరు పెట్టగానే ఆ ప్రశ్నే మాయమైపోతుంది.

అందరి ఒళ్లూ వేకువకు ఒప్పవన్న మాటా ఉంది. అదీ నిజమే. తిన్నడు రాత్రంతా మేలుకున్నవాడేనని మరిచిపోకూడదు. వేళ కంటే పనిని మొదలుపెట్టించే గుర్తు ముఖ్యమని ఈనాటి పరిశోధన కూడా అంటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఒక పని ఆలోచించకుండా జరిగే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి ఆ లెక్క 18 నుంచి 254 దాకా మారింది. ఇరవై ఒక్క రోజుల నియమం లాంటి మాటలకు ఆధారం లేదన్నమాట. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోదనీ వాళ్లు చూశారు. ఇది ఒంటరి మనిషికి ఊరట. కాపరికి ఈ ఊరట లేదు: అతను ఒక రోజు తప్పితే దీపం ఆరుతుంది. అలవాటును మెదడులో వెతికే శాస్త్రానికీ, ఒప్పందంలో దాచిన శాసనానికీ తేడా ఇక్కడే ఉంది.

గొలుసు తెగితే ఏమవుతుందో కలంకారీయే చూపింది. గుళ్లకు, జమీందారులకు తెరలు అడిగే శక్తి తగ్గి, మిల్లు బట్ట ఊరూరా పరుచుకున్నాక, ఇరవయ్యో శతాబ్దం సగానికి శ్రీకాళహస్తిలో ఈ పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. వాళ్లు సోమరులై పొద్దెక్కి లేవడం వల్ల వృత్తి పోలేదు. లేచినా కొనేవాడు లేకపోవడం వల్ల పోయింది. 1950ల చివర్లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అఖిల భారత హస్తకళల బోర్డు అక్కడ శిక్షణ కేంద్రం పెట్టింది. అది కుర్రవాళ్లకు బొమ్మ గీయడంతో పాటు పేడనీళ్ల నుంచి ఏటి జాడింపు దాకా ఆ వరసనూ నేర్పింది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప శెట్టి లాంటి కళాకారుల చేతుల్లో ఆ వరస మళ్లీ నిలబడింది. నిజానికి ఆ చేతి గీతకు ఈ వరసే ఆసరా. వందసార్లు చేసిన పని ఆలోచన అడగదు కాబట్టి, ఆలోచన అంతా రాముడి కనుబొమ దగ్గర ఖర్చు పెట్టవచ్చు. పద్ధతి కళను చంపుతుందనేవాళ్లు ఒకసారి ఈ లెక్క వేసుకోవాలి.

ఇప్పటి శ్రీకాళహస్తి పొద్దుకు వేరే కొలతలు వచ్చాయి. 2022 నుంచి తిరుపతి జిల్లాలో చేరిన ఈ ఊరికి తిరుపతి నుంచి తొలి బస్సులు దింపే జనంలో ఎక్కువమంది రాహుకేతు పూజకు వచ్చేవాళ్లు. ఆ పూజలు పొద్దున మొదలై సాయంత్రం దాకా విడతలు విడతలుగా సాగుతూనే ఉంటాయి. పూలకొట్లూ టిఫిన్ హోటళ్లూ ఆటోలూ ఆ విడతల ప్రకారమే మేలుకుంటాయి. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కుప్పకూలింది. ఐదు వందల ఏళ్ల రాయి పోయినా మర్నాటి పూజ ఆగలేదు. కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. గ్రహణం పడితే చుట్టుపక్కల గుళ్లన్నీ, తిరుమలతో సహా, తలుపులు మూసుకుంటాయి. రాహుకేతువుల పట్టు ఇక్కడ చెల్లదన్న నమ్మకంతో ఈ గుడి మాత్రం తెరిచే ఉంటుంది, గ్రహణం నడుస్తుండగానే లోపల అభిషేకం జరుగుతుంది. ఆ అభిషేకానికీ ఎక్కడో ఎవరో పాలు పిండి పంపాలి.